ఇరవై నాలుగు గంటలు తడపరాదు

స్వాన్సీలో వానకు సెలవుండదు.
సముద్రం మీంచి వచ్చి, కొండెక్కే ఓపిక లేక
మా వీధిలోనే చతికిలబడుతుంది.
కిటికీ తీస్తే లోపలికొస్తుంది,
మూస్తే లోపలే ఉండిపోతుంది.

షవరు అద్దం కింద నల్లటి గీత.
మొదట ఆవగింజంత.
క్రిస్మస్ నాటికి కాటుక దిద్దినట్టు.
ఈస్టరుకల్లా మూలంతా కమ్మేసింది.
బ్లీచు పోశాను, పాత బ్రష్షు అరిగేదాకా తోమాను.
నా చేతులే తెల్లబారాయి, అది కాదు.
సామాన్ల కొట్లో కుర్రాడు కౌంటరు మీంచి తల ఎత్తకుండానే చెప్పాడు:
"బూజు పైన లేదండీ, సిలికాన్ లోపలుంది.
కడిగితే పోదు. కోసెయ్యాలి."
కొందరు బంధువుల గురించి
మా అమ్మా ఇదే మాట అనేది.

కోశాను.
మోకాళ్ళ కింద మడతపెట్టిన తువ్వాలు,
చేతిలో ఇడ్వాల్ బ్లేడు.
కుబుసంలా ఒక్క లాగుకి వస్తుందనుకున్నాను.
రాలేదు. గోటి తునకల్లా, మొండిగా,
ఒక్కో అంగుళానికీ ఒక్కో పేచీ.
చివరి మూలలో మాత్రం జానెడు ముక్క
చెక్కుచెదరకుండా ఊడొచ్చింది.
దీపం కింద తిప్పి చూశాను.

మధ్యలో వేలితో నునుపు చేసిన గాడి.
అందరి వేలూ గుండ్రంగా తోస్తుంది,
ఈ గాడి చదునుగా ఉంది.
రేకుల ఫ్యాక్టరీలో మిషను కింద పోయింది
ఇడ్వాల్ చూపుడువేలి కొస, మా పెళ్ళికి ముందే.
ఆ మొద్దువేలే ఇక్కడ పాకింది పదకొండేళ్ళ కిందట,
రేడియోలో రగ్బీ వింటూ, ఎవరినో తిడుతూ.
అతను పోయి రెండేళ్ళు.

దాచుకుంటాననుకున్నారా?
బూజుని ఎవరు దాచుకుంటారు.
సంచీలో వేశాను.
మూతి మాత్రం సాయంత్రం దాకా కట్టలేదు.

ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో రాసుంది:
ట్రే మీద బరువు ఉంచి పూయవలెను.
పక్కింటి మార్గెడ్‌ని పిలిచాను.
కోటు విప్పలేదు, చెప్పులు మాత్రం విప్పింది.
చంకలో ఒకటి, చేతిలో ఒకటి బంగాళాదుంపల సంచులతో
ట్రేలోకి ఎక్కి, రాణిగారి విగ్రహంలా నిలబడింది.
అప్పుడు తెరుచుకుంది సందు,
వెంట్రుకంత, పోనీ రెండు వెంట్రుకలంత.
బరువు పడితే తప్ప కనపడని సందు.

అర్థమైంది.
ఇడ్వాల్ ఎవరూ నిలబడని ట్రేకి సీలు వేశాడు.
అందుకే నేను అడుగు పెట్టినప్పుడల్లా
అది చప్పుడు లేకుండా నోరు తెరిచేది.
మనిషి మంచివాడే.
"కాస్త వచ్చి నిలబడు" అనడం మాత్రం
ఎప్పుడూ చేతకాలేదు.

"ఇంకెంతసేపే?" అంది మార్గెడ్.
"కదలకు" అన్నాను.
టేపుకీ టేపుకీ మధ్య తెల్లటి తీగ పోశాను,
గిన్నెల సబ్బులో వేలు ముంచి లాగాను.
మొదటి గజం వంకర.
రెండోది ఇంకా వంకర.
మూడోది ఎవరైనా చూస్తే బావుండుననిపించింది,
చూసింది, పైనుంచి, దుంపల మధ్యలోంచి.

ఇల్లంతా వెనిగర్ వాసన.
శుక్రవారం రాత్రి చిప్స్ కొట్టు ముందు
వానలో క్యూ కట్టినట్టుంది.
ఇద్దరికీ ఒకేసారి ఆకలేసింది.

మార్గెడ్ దిగింది. దుంపలు దిగలేదు.
బరువు తగ్గకూడదని
రెండు బకెట్ల నీళ్ళు తోడుగా పెట్టి
రాత్రంతా వాటినే కాపలా ఉంచాను.

పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని
మార్గెడ్ ఇంటికి వెళ్ళాను స్నానానికి.
వేడినీళ్ళు ధారాళంగా వచ్చాయి.
సబ్బు కోసం వంగితే, వాళ్ళ మూలలో,
గులాబీరంగు టైలు కింద
ఆవగింజంత నల్లటి చుక్క.

అప్పుడేమీ అనలేదు.
కాఫీ తాగాక చెబుతాను.
ట్యూబులో ఇంకా సగం ఉంది,
మా ఇంట్లో బంగాళాదుంపలూ ఉన్నాయి.